చేతి పని కనబడాలి



ఈ వేళ బొమ్మలు వేసేవాళ్లతో మాట్లాడదామని వచ్చాను. మన రఘునాథపల్లిలో, అటు స్టేషన్ ఘనపూర్, ఇటు జనగామ, చుట్టుపక్కల ఊళ్లలో కుంచె పట్టినవాళ్లకు కొదవ లేదు. బడి గోడల మీద బొమ్మలు వేసేవాళ్లున్నారు. దుకాణాలకు బోర్డులు రాసేవాళ్లున్నారు. ఫోటో చూసి పెన్సిల్‌తో మనిషి పోలిక దించే పిల్లలున్నారు. కాలేజీకి పోయి వచ్చి రాత్రిపూట కాన్వాసు ముందు కూర్చునే ఆడపిల్లలున్నారు. వీళ్లందరి చేతిలో ఇప్పుడు ఫోనుంది. వేసిన బొమ్మనే కాదు, వేసే తీరును కూడా వీడియో తీసి నలుగురికీ చూపించాలన్న ఆశ ఉంది. అది మంచి ఆశ. దాన్ని నిలబెట్టుకునే దారి గురించి నాకు తెలిసింది చెప్తాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇది. వీడియోలో చేతి పని కనబడాలి. పని కనబడితే బొమ్మకు గౌరవం వస్తుంది. ఆ ధర ఎందుకో కొనేవాళ్లకు అర్థమవుతుంది. నేర్చుకోవాలనుకునే పిల్లకు దారి దొరుకుతుంది. మిగతా మాటలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

బొమ్మను వరసగా కదిలిస్తూ, మాట జోడించి చూపించడం మన నేలకు బాగా తెలిసిన విద్య. జనగామ మీదుగా పోతే చేర్యాల వస్తుంది. ఇప్పుడది సిద్దిపేట జిల్లా, మన రఘునాథపల్లి జనగామ జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా రెండూ వరంగల్ జిల్లాలోనివే. ఆ చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు మీలో చాలామంది చూసే ఉంటారు. మూడడుగుల వెడల్పున్న బట్ట, నలభై అడుగులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొడవు. దాని మీద గళ్లు గళ్లుగా, పూల అంచులతో విడగొట్టిన కథ. మొదటి గడిలో వినాయకుడు. ఆ తర్వాత ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. వెనకాల నిండా ఎర్ర రంగు.

ఆ పటం గోడకు తగిలించుకోవడానికి వేసింది కాదు. కథ చెప్పేవాళ్ల కోసం వేసింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు, గౌడులకు తమ కులపురాణం వినిపించే గౌడజెట్టీలు, వీళ్లంతా తమ మిరాశి గ్రామాలకు పటం మోసుకొని వచ్చేవారు. రాత్రిపూట వాడకట్టులో పటం కట్టి, కొంచెం కొంచెం విప్పుతూ, బొమ్మను చూపిస్తూ పాట, మాట కలిపి కథ నడిపేవారు. చూసేవాళ్లకు ఒకేసారి అంతా కనబడేది కాదు. ఏ గడి దగ్గర ఎంతసేపు ఆగాలో, ఏది గబగబా దాటాలో కథకుడికి తెలుసు. ఇవ్వాళ వీడియో కూర్చేవాళ్లు చేసేది కూడా అదే. బొమ్మల వరుస, ఆగడం, కదలడం, వెనక గొంతు.

ఆ పద్ధతిలో వేసేవారు ఒకరు, చెప్పేవారు ఒకరు. నకాషీ ఇంట్లో కూర్చొని బట్ట సిద్ధం చేసి రంగులు వేసేవాడు. జనం ముందుకు వచ్చేది కథకుడు. అందుకే జనానికి కథ తెలిసింది, బొమ్మ తెలిసింది, బొమ్మ వెనక ఉన్న పని తెలియలేదు. పటం పాతబడి చిరిగిపోతే శాస్త్రోక్తంగా నీళ్లలో కలిపేసేవారు. కొత్తది వేయించుకునేవారు. కాబట్టి బాగా పాత పటాలు మిగిలినవి తక్కువ. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో 17వ శతాబ్దం నాటి పటాన్ని భద్రపరిచారు కాబట్టి ఈ కళ వయసు మనకు తెలుస్తోంది. ఆ పటం వేసిన చెయ్యి ఎలా కదిలిందో మాత్రం ఎవరికీ తెలిసే వీలు లేదు.

తర్వాత కథ చెప్పేవాళ్లు తగ్గారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, పటం వేయించుకునేవాళ్లు తగ్గారు. చేర్యాల కళాకారులు చిన్న చిన్న పటాలకు, చెక్క పొట్టు, చింతగింజల అంబలి కలిపి చేసే ముఖాల బొమ్మలకు మళ్లారు. కొన్ని కుటుంబాలు పట్టుదలగా నిలబడ్డాయి కాబట్టి కళ బతికింది. ధనాలకోట వైకుంఠం నకాష్ గారికి జాతీయ పురస్కారం వచ్చింది. చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే కథకుడు లేకుండా అమ్మకానికి పెట్టిన పటం ఒక చిక్కులో పడింది. కొనేవాళ్లు దాన్ని చూసి ఎర్రగా ఉంది, బాగుంది అంటారు, ధర వినగానే బేరం మొదలుపెడతారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు కనబడింది పైన ఉన్న రంగు మాత్రమే.

ఆ రంగు కింద ఏముందో చూడండి. ముందు ఖద్దరు బట్ట తీసుకుంటారు. సుద్దమట్టి, గంజి, తుమ్మబంక, చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించిన అంబలి, ఇవన్నీ కలిపి బట్టకు పూత పూస్తారు. అది ఆరాలి. ఆరాక మళ్లీ పూత. మళ్లీ ఆరాలి. మూడు పూతలయ్యాక గానీ బట్ట గీతకు లొంగదు. రంగు బట్టలో ఇంకిపోకుండా, చుట్టినప్పుడు పెచ్చులూడకుండా ఉండాలంటే ఈ పని ఇంత ఓపికగా జరగాలి. అప్పుడు కుంచెతో నేరుగా గీత. తర్వాత వెనకాల ఎరుపు నింపడం, ఒంటి రంగులు, బట్టలు, నగలు, ఆఖరున నల్లటి సన్న గీతతో రూపాలు తేల్చడం. పూర్వం శంఖం నూరి తెలుపు, దీపం మసి పట్టి నలుపు, ఇంగిలీకంతో ఎరుపు తీసేవారు. ఈ వరుసంతా అయిదు నిమిషాలు కళ్లారా చూసిన మనిషి పటం ధర గురించి మాట్లాడే తీరే మారిపోతుంది. వీడియో చేయగల మేలు ఇది. వేసే మనిషే ఇప్పుడు చెప్పే మనిషి కూడా కావచ్చు.

చిత్రకారుల పనిని, చూపును కెమెరాతో చూపించిన పెద్దలు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లలో నలుగురి సంగతి చెప్తాను. ఒక్కొక్కరి దగ్గర మనం పట్టుకోవలసింది ఒక్కొక్కటుంది.

మొదటిది అమెరికాలో. 1950లో హాన్స్ నామూత్ అనే ఫోటోగ్రాఫర్ జాక్సన్ పోలక్ అనే చిత్రకారుణ్ని తీశారు. పోలక్ కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు చిలకరించేవారు. నామూత్ ఒక గాజు పలక ఏర్పాటు చేసి, దాని కింద కెమెరా పెట్టి, గాజు మీద బొమ్మ వేయించారు. మనిషి ఒళ్లంతా ఎలా కదులుతుందో లోకం అప్పుడు చూసింది. పోలక్ పేరు దాంతో ఇంకా పెరిగింది. అయితే వారాల తరబడి కెమెరా చెప్పినట్టు ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం ఆయనను బాగా నలిపింది. చిత్రీకరణ ముగిసిన రోజు రాత్రే, రెండేళ్లుగా మానేసిన మద్యం మళ్లీ ముట్టుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. ఈ రెండు సంగతులూ కలిపి గుర్తుంచుకోవాలి.

రెండోది ఫ్రాన్సులో. 1956లో వచ్చిన సినిమాలో దర్శకుడు క్లూజో, పికాసో బొమ్మ వేయడం చూపించారు. సిరా అవతలికి ఇంకే పలచని కాగితం మీద పికాసో ఒకవైపు గీస్తుంటే, కెమెరా రెండోవైపు ఉంది. చెయ్యి అడ్డం లేదు. గీత ఒక్కటే తనంతట తాను పుట్టుకొస్తున్నట్టు తెర మీద కనబడుతుంది. చేప కోడిగా మారుతుంది, కోడి ఇంకేదో అవుతుంది. ఒక బొమ్మ పూర్తయ్యేలోపు ఎన్ని బొమ్మలు వచ్చి పోతాయో చూసేవాళ్లకు తెలుస్తుంది. వేసేవాడి ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో గీతే చెప్తుంది.

మూడోది మన దేశంలో. ఒకప్పుడు బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికిన ఎం.ఎఫ్. హుస్సేన్, 1967లో ఫిల్మ్స్ డివిజన్ కోసం ఒక చిన్న సినిమా తీశారు. ఒక చిత్రకారుడి కళ్లతో రాజస్థాన్‌ను చూపించే సినిమా అది. సంభాషణలుండవు. గొడుగు, లాంతరు, చెప్పు, గోడ, ఎండ, మనుషులు. బెర్లిన్ చిత్రోత్సవంలో చిన్న సినిమాల విభాగంలో దానికి బంగారు ఎలుగు బహుమతి వచ్చింది. చిత్రకారుడు కుంచె పట్టకముందు ఏం చూస్తాడో అందులో ఉంది. హుస్సేన్ గారిది హైదరాబాద్‌తో కూడా గట్టి బంధం. రామ్‌మనోహర్ లోహియా మాట మీద, బద్రీవిశాల్ పిత్తి గారి అండతో ఆయన రామాయణ చిత్రాలు వేశారు. వాటిని ఎడ్లబండ్ల మీద హైదరాబాద్ దగ్గరి పల్లెలకు తీసుకుపోయి జనం ముందు పరిచామని ఆయనే తర్వాత గుర్తుచేసుకున్నారు. పల్లె జనం ఆ బొమ్మలను ఏ బెరుకూ లేకుండా చూశారు. మన ఊరివాళ్లకు కళ అర్థం కాదేమో అని సందేహపడే పిల్లలు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

నాలుగోది మళ్లీ అమెరికాలో. బాబ్ రాస్ అనే ఆయన 1983 నుంచి 1994 దాకా టీవీలో అరగంట కార్యక్రమంగా బొమ్మలు వేస్తూ నేర్పించారు. మొత్తం 403 భాగాలు. ఆయన పోయింది 1995లో. ఇవ్వాళ కూడా యూట్యూబ్‌లో ఎంతోమంది ఆయనను చూస్తున్నారు. గొంతు మెత్తన, మాట నిదానం. ఏ రంగు ఎందుకు తీసుకుంటున్నారో చెప్తూ పోతారు. ఆ తేలికదనం వెనక ఎంత సిద్ధపాటుందో వినండి. ప్రతి భాగానికీ ఆయన అదే బొమ్మను మూడుసార్లు వేసేవారు. కెమెరా ముందుకు రాకముందు ఒకసారి, కెమెరా ముందు ఒకసారి, పుస్తకంలో అచ్చు కోసం తర్వాత ఇంకోసారి.

ఒళ్లు, గీత, కన్ను, మాట. ఈ నాలుగింటిలో ఏది చూపించబోతున్నామో వీడియో మొదలుపెట్టేముందే తేల్చుకోవాలి. అన్నీ ఒకేసారి చూపించబోతే ఏదీ నిలవదు. పెన్సిల్ బొమ్మ వేసేవాళ్లు గీతను చూపించాలి. గోడ బొమ్మ వేసేవాళ్లు నిచ్చెన మీద ఒళ్లు ఎలా తిరుగుతుందో దూరం నుంచి చూపించాలి. ఖిలాషాపూర్ కోట గోడలను, సర్వాయి పాపన్న నడిచిన ఆ నేలను గీయాలనుకునే పిల్ల ఉందనుకోండి, ముందు ఆ రాయి మీద పొద్దుటి ఎండ ఎలా పడుతుందో, తాను ఎక్కడ కూర్చొని చూస్తున్నదో చూపించాలి. అప్పుడు ఆమె బొమ్మలో ఆ రంగు ఎందుకొచ్చిందో చూసేవాళ్లకు తెలుస్తుంది.

ఇక ఇంట్లో తీసే పద్ధతి. ఖరీదైన సామాను అక్కర్లేదు. వెలుతురు ముఖ్యం.

బొమ్మలు వేసేవాళ్లు ఉత్తరం కిటికీ కోరుకుంటారు. సూర్యుడు మనకు దక్షిణంగా నడిచే నెలల్లో ఉత్తరం వైపు నుంచి నేరుగా ఎండ పడదు, ఆకాశపు వెలుతురు నిలకడగా వస్తుంది. అయితే మనం ఉన్న చోట మే నెల నడిమి నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరంగా వాలి ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీకి ఒక పలచని తెల్ల పంచె కట్టుకోవాలి. కిటికీ లేనివాళ్లకు పొద్దున పూట వసారా చాలు. కుడిచేత్తో వేసేవాళ్లకు వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ సరిగ్గా గీత మీదే పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తిరగబడుతుంది.

రాత్రిపూట తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. వీడియోలో నల్లటి అడ్డచారలు పాకుతుంటాయి. మన కరెంటు సెకనుకు యాభై ఆవర్తనాలతో వస్తుంది, కొన్ని ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతు గానీ, వందో వంతు గానీ పెట్టండి. చారలు చాలావరకు పోతాయి. ప్రో మోడ్ లేకపోతే దీపం మార్చి చూడండి.

ఫోను బొమ్మకు సరిగ్గా పైన, కాగితానికి సమాంతరంగా ఉండాలి. కాస్త వాలినా గుండ్రటి ముఖం కోలగా కనబడుతుంది. రెండు ఎత్తు పీటల మీద ఒక చెక్క బద్ద వేసి, దాని అంచుకు ఫోన్‌ను గట్టిగా కట్టినా సరిపోతుంది. ఫోన్ కెమెరా అద్దాన్ని మెత్తటి నూలుబట్టతో తుడవండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో ఫోన్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. ఫ్యాను ఆపండి, కాగితం కదలదు, గాలి రొద ఉండదు. గంటసేపు తీస్తే ఫోన్‌లో ఆరేడు జీబీలు నిండిపోవచ్చు. కూర్చోకముందే ఖాళీ చూసుకోవాలి.

రంగు విషయంలో నిజాయితీ చాలా ముఖ్యం. బాగా చిక్కటి ఎరుపును ఫోన్ కెమెరా సరిగా పట్టుకోలేదు. చేర్యాల ఎరుపులాంటిది తెర మీద మండిపోతున్నట్టు వస్తుంది, లోపలి ఛాయలన్నీ కలిసిపోతాయి. మొదలుపెట్టేముందు బొమ్మ పక్కన తెల్లకాగితం పెట్టి, అది తెల్లగానే కనబడేలా రంగుల సమతూకం సరిచేసుకోండి. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుతురు కొలత స్థిరపడుతుంది. దాన్ని కాస్త తగ్గించి పెట్టుకోండి. పైన ఫిల్టర్లు వేయొద్దు. వీడియో చూసి బొమ్మ తెప్పించుకున్న మనిషి ఇంట్లో విప్పి చూసినప్పుడు అదే రంగు కనబడాలి. లేకపోతే ఆ మనిషి మళ్లీ మన దగ్గరకు రాడు.

ఇప్పుడు వేగం గురించి. చాలామంది పిల్లలు టైమ్‌ల్యాప్స్ పెడతారు. రెండు సెకన్లకు ఒక ఫోటో చొప్పున మూడు గంటలు తీస్తే 5,400 ఫోటోలవుతాయి. సెకనుకు ముప్పై చొప్పున నడిపితే మూడు నిమిషాల వీడియో. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, బొమ్మ చకచకా పుట్టుకొస్తుంది. కానీ ఇందులో ఒక నష్టం ఉంది. మూడు గంటల కష్టం మూడు నిమిషాల పనిగా కనబడుతుంది. మనం పడ్డ శ్రమను మన చేత్తోనే దాచేసినట్టవుతుంది. అందుకే నేను చెప్పేది, వీడియోలో కనీసం ఒకటి రెండు చోట్ల పనిని దాని అసలు వేగంతోనే చూపించండి. కంటిపాప దిద్దేటప్పుడు, సన్న గీత లాగేటప్పుడు, ఊపిరి బిగబట్టే చోట కత్తిరించకండి. చూసేవాడు కూడా మీతోపాటు ఊపిరి బిగబడతాడు. పూత ఆరడానికి ఒక పగలు పట్టిందంటే ఆ మాట గట్టిగా చెప్పండి. గీత పక్కకు పోతే, దాన్ని ఎలా సరిదిద్దారో ఉంచండి. నేర్చుకునేవాళ్లకు సరిదిద్దే చోటే ఎక్కువ పనికొస్తుంది.

మన పల్లె జనానికి పనిని చూసే ఓపిక లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. సంక్రాంతి నెలలో వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తుంటే దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తారు. చుక్కలు పెట్టడం దగ్గర్నుంచి చూస్తారు. ఏ చుక్కను ఏ చుక్కతో కలుపుతున్నారో, గీత ఎక్కడ తిరుగుతుందో చూస్తూ నిలబడతారు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు ఏ వరుసలో పోతున్నాయో చుట్టూ చేరి చూస్తారు. చూడటం మనవాళ్లకు వచ్చు. చూడదగ్గట్టు చూపించడం మన బాధ్యత.

మాట గురించి. గొంతు పెట్టడానికి చాలామంది సిగ్గుపడతారు. ఏదో సినిమా పాట వెనకాల వేసేస్తారు. అలా చేయకండి. దానికి రెండు కారణాలు. ఆ పాట హక్కు ఇంకొకరిది, మీ వీడియో మీద వాళ్లు హక్కు చూపవచ్చు, మీకు రావలసిన రాబడి వాళ్లకు పోవచ్చు, లేదా వీడియోనే ఆగిపోవచ్చు. రెండోది ఇంకా పెద్ద కారణం. ఆ పాట ఎవరి వీడియోలోనైనా ఉండేదే. మీ గొంతు మీ ఒక్కరిదే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ చూడండి. అందులో కనబడే గంగవ్వ తన మాట మార్చుకోలేదు, తన యాస దాచుకోలేదు. ఆ మాట కోసమే దేశదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. మీరు కూడా ఇంట్లో అమ్మతో చెప్పినట్టే చెప్పండి. ఈ రంగులో ఆ రంగు ఎందుకు కలుపుతున్నానంటే, ఈ కుంచె ఎందుకు పట్టుకున్నానంటే, అని చెప్పుకుంటూ పోండి. చెప్పవలసింది లేనప్పుడు ఊరుకోండి. కాగితం మీద పెన్సిల్ గీసుకుంటున్న చప్పుడు, నీళ్ల గిన్నెలో కుంచె కడిగే చప్పుడు చక్కగా వినబడనివ్వండి.

హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. బొమ్మ వేసినవాళ్లకు దాని మీద హక్కు జీవితాంతం ఉంటుంది, వాళ్లు పోయాక మరో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. బొమ్మ అమ్మితే కాన్వాసు కొన్నవాళ్లదవుతుంది. దాన్ని ముద్రించుకునే హక్కు రాతపూర్వకంగా ఇస్తే తప్ప వాళ్లకు పోదు. ఒక చోట మాత్రం జాగ్రత్త. ఎవరైనా డబ్బిచ్చి బొమ్మ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ బొమ్మ మొదటి హక్కుదారు వేయించుకున్న మనిషే. కాబట్టి ఒకరి రూపచిత్రం వేస్తూ వీడియో తీసే ముందు, వీడియో పెట్టుకోవచ్చా అని అడిగి ఒప్పుకోలు తీసుకోండి. రెండు ముక్కలు రాయించుకుంటే ఇంకా మంచిది. ఒక గురువు దగ్గరో, ఒక నకాషీ ఇంట్లోనో నేర్చుకున్న పని చూపిస్తున్నప్పుడు కూడా వాళ్లను అడగాలి, వాళ్ల పేరు చెప్పాలి. పూత కలిపే పాళ్లు ఆ ఇంటివాళ్ల తరాల సంపాదన.

తీసిన వీడియో అసలు ప్రతిని మీ దగ్గరే దాచుకోండి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. ఏళ్ల తరబడి అందులోనే పెట్టి, వేరే ప్రతి దాచుకోని పల్లె కళాకారులు చూస్తుండగానే తమ పని పోగొట్టుకున్నారు. యాప్ ఇవ్వాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. ఒక హార్డ్‌డిస్కులోనో, పెన్‌డ్రైవ్‌లోనో, రెండు చోట్ల ప్రతులు ఉండాలి. ఫైలు పేరులో తేదీ, బొమ్మ పేరు రాసుకోండి. పదేళ్ల తర్వాత మీ చెయ్యి ఎంత మారిందో మీకే తెలుస్తుంది.

ఇక మనసుకు సంబంధించిన మాట. పోలక్ సంగతి చెప్పాను. కెమెరా ముందు కూర్చున్నప్పుడు బొమ్మ కోసం కాకుండా చూసేవాళ్ల కోసం వేయడం మొదలవుతుంది. మెప్పు వచ్చిన బొమ్మనే మళ్లీ మళ్లీ వేయాలనిపిస్తుంది. తొందరగా పూర్తయ్యే బొమ్మలే ఎంచుకుంటాం. ఎవరూ చూడకపోతే నా బొమ్మ బాగాలేదని దిగులుపడతాం. ఇవన్నీ చేతికి చెరుపు చేస్తాయి. అందుకే కొన్ని బొమ్మలు కెమెరా లేకుండా వేసుకోండి. కొత్త ప్రయోగాలు, తెలియని దారులు అక్కడ పట్టండి. బాబ్ రాస్ మాదిరిగా, కెమెరా ముందు వేసే బొమ్మను ముందే ఒకసారి వేసి చూసుకోండి. అప్పుడు చెయ్యి తడబడదు, మాటకు తీరిక దొరుకుతుంది. ఎంతమంది చూశారన్న లెక్క కంటే, చూసి ఎవరైనా కుంచె పట్టుకున్నారా అన్నది అడిగి తెలుసుకోండి.

మన ఓరుగల్లు సీమలో బొమ్మల మీద ప్రేమ ఈనాటిది కాదు. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో మాచల్దేవి చిత్రశాల ముచ్చట ఉంది. మన కాలానికి దగ్గరగా వస్తే, 1924లో ఈ ఓరుగల్లు సీమలోనే పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోసు దగ్గర నేర్చుకొని వచ్చి, మన పురాణాలను, మన రాళ్లను, మన శిల్పాలను రంగుల్లోకి తెచ్చారు. సిద్దిపేటలో 1925లో పుట్టిన కాపు రాజయ్య గారు బోనాలు, బతుకమ్మ, పల్లె మనుషులను బొమ్మ కట్టారు. ఇద్దరూ 2012లోనే మనల్ని విడిచిపోయారు. వాళ్ల చిత్రాలు మనకు మిగిలాయి. వాళ్లు కుంచె పట్టిన తీరును దగ్గరుండి చూసినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఇప్పటి పిల్లలు తమ పనిని తీసి దాచుకుంటే, రేపటివాళ్లకు ఈ లోటు ఉండదు.

ఇంకొక్క అడుగు ముందుకు వెయ్యమని అడుగుతున్నాను. మీ బొమ్మను తీయడం చేతనయ్యాక, మీ ఊళ్లో మిగతా చేతి పనుల వైపు కూడా ఫోన్ తిప్పండి. జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బతో బొమ్మ తేల్చేవాళ్లున్నారు. వాడల్లో వడ్రంగులున్నారు, కుమ్మరులున్నారు, మగ్గం మీద కూర్చునే ముసలివాళ్లున్నారు. వాళ్ల పని ఎక్కడ అందంగా ఉంటుందో, ఏ క్షణంలో చెయ్యి బిగుస్తుందో, ఏ మలుపు దగ్గర కెమెరా ఆగాలో బొమ్మ వేసే మనిషికి తెలిసినంతగా మామూలుగా వీడియోలు తీసేవాళ్లకు తెలియదు. వాళ్లను అడిగి, పేరు పెట్టి, వాళ్ల మాటల్లోనే చెప్పించండి. అడ్రసు, ఫోన్ నంబరు పెట్టే ముందు వాళ్లకు ఇష్టమేనా అని కనుక్కోండి.

మొదలుపెట్టడానికి పెద్ద బొమ్మ అక్కర్లేదు. ఒక చిన్న కాగితం, మీకు బాగా చేతనైన ఒక బొమ్మ, పొద్దుటి వెలుతురు, రెండు పీటలు చాలు. ఖాళీ కాగితంతో మొదలుపెట్టండి. ఏం వేయబోతున్నారో ఒక మాట చెప్పండి. కష్టమైన చోట నిదానంగా చూపించండి. ఆఖరున మీ పేరు, మీ ఊరి పేరు చెప్పండి. రఘునాథపల్లి అని గట్టిగా చెప్పండి. ఎక్కడో దుబాయిలోనో, డాలస్‌లోనో ఉన్న మన ఊరి మనిషి ఆ పేరు విని ఆగి చూస్తాడు. పక్క వీధిలో ఉన్న చిన్నపిల్ల అది చూసి పలక మీద గీత గీస్తుంది. బొమ్మ వేసే చెయ్యి, దాన్ని చూసి నేర్చుకునే కన్ను, రెండూ మన ఊళ్లోనే పెరగాలి. అందుకు కావలసిన సాధనం ఇవ్వాళ దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. దాన్ని మన పనికి వాడుకుందాం.